సి నేర్చుకునేవాళ్లకు కోడ్‌బ్లాక్స్ 20.03: రెండు మార్పులు చేసుకుంటే మంచి సాధనం

మన కాలేజీల్లో సి ఇంకా చాలాచోట్ల టర్బో సి నీలం తెర మీదే మొదలవుతుంది. 64 బిట్ విండోస్‌లో అది డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) లేకుండా నడవదు. అందులో ఇంట్ (పూర్ణాంకాలు దాచే రకం) అంటే 16 బిట్లే, 32767 దాటితే లెక్క మైనస్‌లోకి పోతుంది. దాని బదులు ఏం పెట్టుకోవాలంటే, విండోస్ వాడే కొత్తవాళ్లకు మేం చెప్పేది కోడ్‌బ్లాక్స్, అంటే ప్రోగ్రామ్ రాసి అక్కడే నడిపి చూసుకునే సాఫ్ట్‌వేర్. 20.03 వెర్షన్‌తో జీసీసీ 8.1 కంపైలర్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) వస్తుంది, పైసా ఖర్చు లేదు. అయితే ఇన్‌స్టాల్ చేసి అలాగే వదిలేస్తే ఇది మీ తప్పుల్లో సగం చెప్పదు.

ముందు డౌన్‌లోడ్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పేరులో మింగ్‌డబ్ల్యూ (విండోస్ కోసం చేసిన జీసీసీ) ఉన్న సెటప్ ఫైల్‌నే తీసుకోండి. ఆ పేరు లేనిదాంట్లో ఎడిటర్ తప్ప కంపైలర్ ఉండదు. బిల్డ్ చేసి నడపడానికి ఎఫ్9 నొక్కగానే కంపైలర్ దొరకలేదని చెబుతుంది. సిస్టమ్‌లో మింగ్‌డబ్ల్యూ అప్పటికే ఉంటే సెట్టింగ్స్, కంపైలర్, టూల్‌చైన్ ఎగ్జిక్యూటబుల్స్‌లోకి వెళ్లి ఆటో డిటెక్ట్ నొక్కితే చాలు.

అసలు లోపం వార్నింగుల దగ్గర ఉంది. ప్రాజెక్టుగా మొదలుపెడితే మామూలు వార్నింగులన్నీ చూపించే డబ్ల్యూ-ఆల్ ఆప్షన్ తనంతట తనే ఆన్ అవుతుంది. విడి ఫైల్ తెరిచి రాస్తే కాదు, కొత్తవాళ్లు రాసేదేమో విడి ఫైల్లోనే. స్కాన్‌ఎఫ్‌లో ఎన్ అనే వేరియబుల్ ముందు & మరిచిపోయారనుకోండి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, ప్రోగ్రామ్ నడుస్తుంది. అంకె కొట్టి ఎంటర్ నొక్కగానే ఆగిపోయి, కింద ప్రాసెస్ రిటర్న్డ్ -1073741819 అని కనిపిస్తుంది. ముట్టుకోకూడని మెమరీని ముట్టుకున్నందుకు విండోస్ ఇచ్చే కోడ్ అది. ఆ అంకె చూసి కొత్తవాళ్లకు ఏం అర్థమవుతుంది? సెట్టింగ్స్, కంపైలర్, కంపైలర్ ఫ్లాగ్స్‌లో 'ఎనేబుల్ ఆల్ కామన్ కంపైలర్ వార్నింగ్స్' దగ్గర టిక్ పెట్టండి. ఇక అదే లైన్‌కి 'పర్సెంట్ డికి ఇంట్ పాయింటర్ కావాలి, మీరిచ్చింది ఇంట్' అనే అర్థంలో వార్నింగ్ వస్తుంది. ఇఫ్‌లో == బదులు = పెట్టినా అప్పుడే పట్టుకుంటుంది. ఈ టిక్ ముందే పెట్టి ఇచ్చి ఉండాల్సింది.

రెండో మార్పు చూసే చోటులో. కింద తెరుచుకునే బిల్డ్ మెసేజెస్ ట్యాబ్‌లో ఒక్కో ఎర్రర్‌కి ఒక్కో వాక్యమే ఉంటుంది. పక్కనున్న బిల్డ్ లాగ్ నొక్కితే జీసీసీ మొత్తం చెప్పింది కనిపిస్తుంది: మీ లైన్, దాని కింద ^ గుర్తు, అక్కడ పెట్టాల్సిన సెమికోలన్ లాంటిది కూడా. రిటర్న్‌కి ముందు సెమికోలన్ లేదంటే తప్పు రిటర్న్‌లో లేదు, అంతకుముందు ముగిసిన లైన్ చివర ఉంది. ఇరవై ఎర్రర్లు వచ్చినా మొదటిది మాత్రమే సరిచేసి మళ్లీ బిల్డ్ చేయండి. ఒక } తక్కువైతే దాని వెనక వచ్చేవన్నీ ఉత్త ప్రతిధ్వనులే. 'ఎట్ ఎండ్ ఆఫ్ ఇన్‌పుట్' అని ఉంటే లోటు చాలావరకు బ్రేస్‌దే.

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అనేది వేరే జాతి. వ్యాకరణం సరిగానే ఉంది, లింకర్‌కి (కంపైలైన ముక్కలను కలిపి ఒక ప్రోగ్రామ్ చేసేది) ఆ పేరుతో ఫంక్షన్ దొరకలేదు. ప్రింట్‌ఎఫ్‌లో పి పెద్దక్షరం పెడితే ముందు 'ప్రింట్‌ఎఫ్ అనుకున్నారా?' అని వార్నింగ్ ఇస్తుంది, తర్వాత లింకర్ ఆగుతుంది. జీసీసీ 14 నుంచైతే ఆ వార్నింగే ఎర్రర్ అయింది. విన్‌మెయిన్ పేరుతో వస్తే మీ ఫైల్లో మెయిన్ లేదు, లేదా దాని స్పెల్లింగ్ తప్పు. టర్బో సి రికార్డులోంచి ఎక్కించిన ప్రోగ్రామ్ అయితే క్లియర్‌స్క్రీన్ ఫంక్షన్ దగ్గర ఆగుతుంది. కొనియో హెడర్ ఇక్కడా ఉంది, గెట్‌సీహెచ్ పనిచేస్తుంది, క్లియర్‌స్క్రీన్ మాత్రం లేదు. ఆ లైన్ తీసేయండి, వాయిడ్ మెయిన్‌ని ఇంట్ మెయిన్ చేయండి.

వాట్సాప్‌లోంచో పీడీఎఫ్‌లోంచో కాపీ చేస్తే 'స్ట్రే 342' అని వరసగా వస్తాయి. వంకర కొటేషన్ గుర్తులే కారణం, చేత్తో మళ్లీ కొట్టండి. బిల్డ్‌లో పర్మిషన్ డినైడ్ వస్తే పాత నల్ల విండో ఇంకా తెరిచి ఉందన్నమాట, మూసేయండి.

ప్రోగ్రామ్‌ని లైన్ లైన్‌గా నడిపి చూపించే డీబగ్గర్ విడి ఫైల్‌తో పనిచేయదు, దానికి ప్రాజెక్టు కావాలి. ఫైల్, న్యూ, ప్రాజెక్ట్, కన్సోల్ అప్లికేషన్ ఎంచుకుని భాష అడిగినప్పుడు సి అనే చెప్పండి. సి ప్లస్ ప్లస్ అంటే, సిలో సరైన మాలక్ (మెమరీ అడిగే ఫంక్షన్) లైన్‌కి కూడా పాయింటర్ మార్పు చెల్లదని ఎర్రర్ కొడుతుంది.