కనెక్షన్ ఒకటే, లెక్క మనుషులది: ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్‌తో పదేళ్లు

మైక్రోసాఫ్ట్ అమ్మే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద, డేటాబేస్‌గా, నాకు పెద్ద ఫిర్యాదులు లేవని ముందే చెప్పేస్తున్నాను. పదేళ్లలో రెండుసార్లు బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది, రెండుసార్లూ ఒక్క వరుస కూడా పోలేదు. నన్ను నిద్రపోనివ్వనిది లైసెన్సు. అందుకే ఈ సమీక్షలో వేగం గురించి తక్కువ, లెక్కల గురించి ఎక్కువ ఉంటుంది.

2014 వెర్షన్‌తో మొదలుపెట్టాం. సరుకు నిల్వలు, ఆర్డర్లు చూసుకునే చిన్న వెబ్ అప్లికేషన్ మాది. అప్పట్లో లోపల వాడేవాళ్లు పన్నెండు మంది. లైసెన్సు అమ్మిన మధ్యవర్తి సంస్థ ప్రతినిధి చాలా ధీమాగా చెప్పాడు: ‘మీ డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యేది వెబ్ సర్వర్ ఒక్కటే కదా, ఐదు క్యాల్‌లు చాలు, అదీ ఎక్కువే.’ క్యాల్ అంటే క్లయింట్ యాక్సెస్ లైసెన్స్, సర్వర్‌ని వాడుకునే ఒక్కో మనిషికో పరికరానికో కొనేది. మాకూ ఆ మాట సబబుగానే తోచింది. డేటాబేస్‌లో సెషన్ల జాబితా తెరిచి చూస్తే నలభై వరుసలు, నలభైలోనూ ఒకటే లాగిన్ పేరు. అప్లికేషన్ కనెక్షన్లను ఒక పూల్‌లో ఉంచుకుని, వచ్చిన ప్రతి అభ్యర్థనకూ వాటినే తిప్పి తిప్పి వాడుతుంది. అప్లికేషన్‌ని డేటాబేస్‌తో కలిపే మైక్రోసాఫ్ట్ లైబ్రరీ ఏడీవో డాట్ నెట్‌లో ఆ పూల్ పరిమితి మామూలుగా వంద. వెనక పదిమంది ఉన్నా పదివేలమంది ఉన్నా డేటాబేస్‌కి కనిపించేది ఆ ఒక్క లాగినే.

లైసెన్సు ఒప్పందం మాత్రం ఆ లాగిన్‌ దగ్గర ఆగదు. ఇలా చాలామంది ఒకే లాగిన్ వెనక నుంచి వాడుకోవడాన్ని మల్టిప్లెక్సింగ్ అంటారు. మధ్యలో ఎన్ని సర్వర్లు, ఎన్ని పూల్‌లు పెట్టినా క్యాల్‌ల సంఖ్య తగ్గదు, అవతలి చివర కూర్చున్న మనుషులనో పరికరాలనో లెక్కపెట్టాలి. బయటి వినియోగదారులు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఇది మాకు రెండేళ్ల తరువాత, రెన్యూవల్ కాగితాలు చూడడానికి పిలిచిన ఒక స్వతంత్ర సలహాదారు చెబితే తెలిసింది. అప్పటికి ఆఫీసులో అరవై మంది, పోర్టల్‌లో లాగిన్ ఉన్న డీలర్లు నూట నలభై మంది. చేతిలో ఉన్నవి ఐదు క్యాల్‌లు. ఆ రోజు మీటింగ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మాలో ఒకరు, డీలర్లకు లాగిన్ తీసేసి మన ఉద్యోగే రోజూ రిపోర్టులు మెయిల్ చేస్తే సరిపోతుంది కదా అన్నారు. నవ్వుకున్నాం గానీ, లైసెన్సు ఉన్న మనిషి స్వయంగా పంపిన కాగితం అందుకున్నవాళ్లకు నిజంగానే క్యాల్ అక్కర్లేదు. అదే పని ప్రోగ్రామ్ తనంతట తాను చేస్తే కావాలి!

క్యాల్‌లు వదిలి కోర్ లెక్క (మనుషులకు బదులు సర్వర్ ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్‌కి డబ్బు కట్టే పద్ధతి) వైపు మారడానికి కారణం కూడికలు, తీసివేతలే. 2022 వెర్షన్‌కి మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ధరలతో చెబుతాను. స్టాండర్డ్ ఎడిషన్ సర్వర్ లైసెన్స్ 989 డాలర్లు, క్యాల్ ఒక్కోటి 230. కోర్ పద్ధతిలో రెండు కోర్‌ల ప్యాక్ 3,945, కనీసం నాలుగు కోర్‌లు కొనాలి, అంటే 7,890. ఇప్పుడు ముప్పై మంది వాడుకరులున్నారనుకోండి. 989కి ముప్పై క్యాల్‌ల 6,900 కలిపితే 7,889. ఒక్క డాలరు తేడా! ముప్పై దాటితే నాలుగు కోర్‌లే చవక. మా రెండు వందల మందికి క్యాల్ పద్ధతిలో 46,989 అయ్యేది. కోర్ పద్ధతిలో వాడుకరుల సంఖ్యకు పరిమితి లేదు, బయటివాళ్లయినా సరే. ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన వెబ్ అప్లికేషన్‌కి ఇదొక్కటే నిలిచే పద్ధతి.

కోర్ పద్ధతిలో ఒక మెలిక ఉంది. నేరుగా భౌతిక సర్వర్ మీద నడిపితే అందులోని కోర్‌లన్నిటికీ కట్టాలి, డేటాబేస్ వాటిని వాడుకున్నా వాడుకోకపోయినా. మా సర్వర్‌లో పదహారు కోర్‌లున్నాయి. ఖర్చు తడిసి మోపెడవుతుందని నాలుగు వర్చువల్ కోర్‌లతో ఒక వర్చువల్ మిషన్ (అదే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన చిన్న కంప్యూటర్) చేసి, డేటాబేస్‌ని అందులోకి మార్చాం. 2022 వెర్షన్ నుంచి ఇలా వర్చువల్ మిషన్ లెక్కన తీసుకోవాలంటే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్సుతోపాటు విడిగా డబ్బు కట్టి తీసుకునే మైక్రోసాఫ్ట్ పథకం) గానీ సబ్‌స్క్రిప్షన్ గానీ ఉండాలన్న షరతు వచ్చింది. పాత వెర్షన్ అలవాటుతో కొత్తది కొనేవాళ్లు ఇది చూసుకోవాలి.

నాలుగు కోర్‌లకు కుదించాక మా కోడ్‌లోని సోమరితనమంతా బయటపడింది. డీలర్ల బకాయిల రిపోర్టు నలభై సెకన్లు తీసుకునేది. పదహారు కోర్‌లున్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. తీరా చూస్తే తేదీ కాలమ్ మీద ఇండెక్స్ (వెతుకులాటను వేగవంతం చేసే సూచిక) లేదు. పెట్టిన మధ్యాహ్నమే రెండు సెకన్లలోపుకి దిగింది.

ఎడిషన్ల మాటకొస్తే, అన్నిటికంటే పెద్దదైన ఎంటర్‌ప్రైజ్‌కి 2022 ధరల్లో రెండు కోర్‌ల ప్యాక్ 15,123 డాలర్లు, స్టాండర్డ్‌కి దాదాపు నాలుగింతలు. టేబుల్ పార్టిషనింగ్ (పెద్ద పట్టికను ముక్కలుగా విడదీసి ఉంచడం) కోసం అది కొందామని మేం ఒక దశలో దాదాపు సంతకం పెట్టబోయాం. ఇంతలో 2016 వెర్షన్ మొదటి సర్వీస్ ప్యాక్ వచ్చి పార్టిషనింగ్, కంప్రెషన్ రెండింటినీ స్టాండర్డ్‌కే ఇచ్చేసింది. అంత డబ్బు మిగిలింది మా తెలివివల్ల కాదు, ఆలస్యం వల్ల.

ఒక క్లయింటు దగ్గర ఇదే అప్లికేషన్‌ని మరో కంపెనీ డేటాబేస్ ఒరాకిల్ మీద నడిపాను. అక్కడా పూల్ వెనక దాక్కోలేం, మనుషులను అవతలి చివరే లెక్కపెడతారు. పైగా ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఒక్కో ప్రాసెసర్‌కి కనీసం 25 నేమ్డ్ యూజర్ లైసెన్సులు (మనిషి లెక్కన ఇచ్చేవి) కొనాలి. ఇంటెల్ చిప్ అయితే కోర్‌ల సంఖ్యను 0.5తో గుణించి ప్రాసెసర్ లెక్క కడతారు. ఏటా సపోర్టుకి లైసెన్సు ధరలో 22 శాతం. పనితీరు చూపించే ఏడబ్ల్యూఆర్ రిపోర్టు ముందే కళ్లెదుట ఉంటుంది, తెరవగలం కూడా, కానీ దానికి డయాగ్నొస్టిక్స్ ప్యాక్ విడిగా కొనాలి. ఆ సంగతి ముందే చదివి ఉన్నాను కాబట్టి ఆ మెనూ జోలికి వెళ్లలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌ని తక్కువ చేయకండి. ఉచితం, క్యాల్‌ల గొడవ లేదు. 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదు, బఫర్‌కి (డేటాను మెమరీలో ఉంచుకునే చోటుకి) దాదాపు 1.4 జీబీ మెమరీయే వాడుకుంటుంది, షెడ్యూల్ పనులు చూసే ఏజెంట్ ఉండదు. మా హాజరు మాడ్యూల్ ఏళ్లుగా దాని మీదే నడుస్తోంది. రాత్రి బ్యాకప్‌ని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగించాం.

మూడేళ్ల క్రితం డీలర్ పోర్టల్‌ని ఉచిత డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌కి మార్చాం. లైసెన్సు ఖర్చు సున్నా, మార్చే ఖర్చు మాత్రం కాదు. స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్ లోపలే ఉంచే ప్రోగ్రాములు) తిరగరాయడానికి ఐదు నెలలు పట్టింది. అంతకంటే ఇబ్బంది పెట్టినది ఒక చిన్న విషయం. మా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇంగ్లిష్ పేర్లలో పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా చూసేది కాదు, పోస్ట్‌గ్రెస్ చూస్తుంది. మొదటి సోమవారం సగం మంది డీలర్లు తమ పేరు వెతికితే దొరకడం లేదని ఫోన్లు చేశారు.

ఖాతాలు, నిల్వలు మాత్రం ఇప్పటికీ ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్ నాలుగు కోర్‌ల మీదే ఉన్నాయి, వాటిని కదిలించే ఆలోచన లేదు. డేటాబేస్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, లైసెన్సు పత్రానికి రెండు. హాజరు మాడ్యూల్ 7 జీబీకి చేరింది. 8 దాటగానే నాకు మెయిల్ వచ్చేలా పెట్టుకున్నాను.