హోమ్ స్టేట్ గడి తప్పితే లిస్టే తప్పు: కాలేజీ ప్రిడిక్టర్ యాప్ వాడాక

ఇది కోపంతో రాస్తున్న సమీక్ష. పిల్లల జేఈఈ ర్యాంకు కొడితే ఏ నిట్‌లో (కేంద్రం నడిపే ఇంజినీరింగ్ కాలేజీలు ఇవి) ఏ బ్రాంచికి ఎంత శాతం అవకాశం ఉందో చెప్పే యాప్ ఒకదాన్ని డబ్బు కట్టి వాడాను. 2023లో మా అమ్మాయి కౌన్సెలింగ్‌కి, 2024లో మా చెల్లెలి కొడుకు కౌన్సెలింగ్‌కి. పేరు రాయను. ఇలాంటివి బజారులో చాలా ఉన్నాయి, మీరు కొనేది ఏదైనా సరే ముందుగా చూడాల్సిన గడి ఒకటుంది, దాని గురించే చెప్తాను. ఆ గడి 'హోమ్ స్టేట్', అంటే సీట్ల లెక్కలో పిల్లల సొంత రాష్ట్రం ఏదన్నది. బెంగళూరులో ఉంటూ పిల్లల్ని ఇంటర్‌కి ఆంధ్రాకో తెలంగాణాకో పంపిన తెలుగువాళ్ళు ఇది తప్పకుండా చదవాలి.

మా అమ్మాయి విషయంలో యాప్ బాగానే పనికొచ్చింది. పిల్ల బెంగళూరులోనే పెరిగింది, సెకండ్ పీయూ (ఇక్కడి ఇంటర్ రెండో ఏడాది) ఇక్కడే పాసైంది. 2018 నుంచి ఐఐటీల్లో, నిట్‌లలో ఆడపిల్లలకు అదనపు సీట్లు పెట్టారు కదా, వాటి క్లోజింగ్ ర్యాంకులు, అంటే చివరి సీటు ఏ ర్యాంకుకి దక్కిందో ఆ అంకెలు, మామూలు సీట్ల పక్కనే కనిపించేవి. అంతకంటే నాకు నచ్చింది రౌండ్ల పట్టిక. మొదటి రౌండులో అమ్మాయికి కర్ణాటక నిట్ అయిన సూరత్కల్‌లో మైనింగ్ వచ్చింది. తనకేమో సివిల్ మీద మనసు. ఇంట్లో అందరికీ టెన్షన్, ఉన్నది ఫ్రీజ్ చేసుకుందామా, ఆగుదామా అని. గత సంవత్సరాల్లో సివిల్ క్లోజింగ్ ర్యాంకు రౌండు రౌండుకీ ఎంత జరిగిందో ఆ పట్టికలో ఒకేచోట ఉంది. అది చూసి ధైర్యంగా స్లైడ్ పెట్టాం. అంటే కాలేజీ అదే, బ్రాంచి మాత్రం మెరుగైతే ఇవ్వండి అని. తర్వాతి రౌండ్లలో సివిల్ వచ్చింది. ఆ సంతోషంలో ఐదు నక్షత్రాలిచ్చి, ఒక్క మాట కూడా తగ్గించకుండా మెచ్చుకుంటూ సమీక్ష రాశాను.

ఇక మా చెల్లెలి కొడుకు సంగతి. వాళ్ళు ఉండేది కె.ఆర్.పురంలో. బాబు పదో తరగతి దాకా బెంగళూరులోనే చదివాడు. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేశారు. ఇక్కడి మన వాళ్ళలో ఇలా పంపే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పిల్లాడు ఆంధ్ర బోర్డులో ఇంటర్ పాసయ్యాడు, జేఈఈ మెయిన్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకే వచ్చింది.

2024లో యాప్ కొత్త వెర్షన్ వచ్చింది. 2023లో హోమ్ స్టేట్ మనమే ఎంచుకునేవాళ్ళం. కొత్తదాంట్లో పిన్‌కోడ్ కొట్టగానే రాష్ట్రం దానంతట అదే పడిపోతుంది. కె.ఆర్.పురం పిన్‌కోడ్ కొడితే కర్ణాటక అని వచ్చి, గడి బూడిదరంగుకి తిరిగి గట్టిగా కూర్చుంది. మార్చడానికి వీల్లేదు. ఆ తర్వాత వచ్చిన లిస్టులో సూరత్కల్ బ్రాంచీలు రెండు మూడు ఆకుపచ్చగా ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో ఉన్న ఆంధ్రప్రదేశ్ నిట్ మొత్తం ఎరుపు. చెల్లెలింట్లో పండగ వాతావరణం. సూరత్కల్ ఉండేది మంగళూరు పక్కనే కాబట్టి శని, ఆదివారాలు ఇంటికి రావచ్చని మా మరిది అప్పుడే బస్సుల గురించి మాట్లాడుతున్నాడు. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో వచ్చిన సీటుకి ఫీజు గడువు దగ్గరపడితే, ఇక దాంతో పనేముందని వదిలేశారు.

జూన్‌లో జోసా (ఐఐటీ, నిట్ సీట్లు పంచే కౌన్సెలింగ్) రిజిస్ట్రేషన్ మొదలయ్యాక బాబు దగ్గర్నుంచి ఫోన్. "పెద్దమ్మా, ఇక్కడ స్టేట్ ఆఫ్ ఎలిజిబిలిటీ ఆంధ్రప్రదేశ్ అని ఉంది. తప్పు పడిందా?" వెనకనుంచి చెల్లెలి గొంతు. "అక్కా, ఆధార్ ఇక్కడిదే, రేషన్ కార్డు ఇక్కడిదే, వీడు పుట్టిందీ ఇక్కడే. ఆంధ్ర ఎలా అవుతుంది?"

తప్పు పడలేదు. జోసా లెక్కలో హోమ్ స్టేట్ అంటే పన్నెండో తరగతి, లేదా దానికి సమానమైన పరీక్ష, పాసైన రాష్ట్రం. సొంతూరు ఏదైనా కావచ్చు, అమ్మానాన్నలు ఎక్కడైనా ఉండొచ్చు, ఆధార్ మీద ఏదైనా ఉండొచ్చు, దానికీ దీనికీ సంబంధం లేదు. నిట్‌లలో సగం సీట్లు ఆ రాష్ట్రం వాళ్ళకి, సగం బయటివాళ్ళకి. సూరత్కల్‌లో చాలా బ్రాంచీలకు కర్ణాటక పిల్లల క్లోజింగ్ ర్యాంకు బయటి రాష్ట్రాల పిల్లల కంటే బాగా దిగువ దాకా వస్తుంది. యాప్ మా వాణ్ణి ఆ మొదటి సగంలో పెట్టి ఆకుపచ్చ చూపించింది. నిజానికి వాడు నిలబడాల్సింది రెండో సగంలో. అక్కడ వాడి ర్యాంకుకి ఆశ లేదు. ఎర్రగా చూపించిన తాడేపల్లిగూడెంలో మాత్రం వాడు సొంత రాష్ట్రం పిల్లాడు. అంటే లిస్టులో ఈ రెండు నిట్‌ల లెక్క తలకిందులు. ఐఐటీలకు, ట్రిపుల్ ఐటీలకు ఈ హోమ్ స్టేట్ వాటా లేదు కాబట్టి ట్రిపుల్ ఐటీల అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

యాప్ వాళ్ళకి ఫోన్ చేశాను. తెలుగు అబ్బాయే మాట్లాడాడు. "మేడమ్, మీ పర్మనెంట్ అడ్రస్ ఏ రాష్ట్రమో అదే హోమ్ స్టేట్ అండీ" అన్నాడు. కాదు నాయనా, జోసా నియమాల్లో ఇలా ఉందని చదివి వినిపించాను. కాసేపు ఆగి, "మా సిస్టమ్‌లో అలానే ఉందండీ, పైవాళ్ళకి చెప్తాను" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, వాడికి నేర్పింది అంతే. పైనుంచి మాత్రం ఒక మెయిల్ వచ్చింది, అవకాశాలన్నీ అంచనాలు మాత్రమేనని షరతుల్లో ముందే రాశామని. నా గొడవ అంచనా గురించి కాదు. అంచనా తప్పొచ్చు, అది ఎవరికైనా తెలుసు. నియమం అచ్చులో ఉంది, అందరికీ ఒకటే, చదివితే తెలుస్తుంది. పిల్లల భవిష్యత్తు చూపిస్తామని డబ్బు తీసుకునేవాళ్ళు దాన్నే చదవకపోతే ఎలా?

చాయిస్ ఫిల్లింగ్ (కావలసిన కాలేజీలను వరసగా ఎక్కించడం) గడువు ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది. జోసా వెబ్‌సైట్‌లోనే గత సంవత్సరాల ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు కాలేజీ, బ్రాంచి, కోటా వారీగా ఉచితంగా ఉంటాయి. నేను, చెల్లెలు, బాబు ముగ్గురం కూర్చుని ఒక నోట్‌బుక్‌లో చేత్తో లిస్టు రాసుకున్నాం. చివరికి తాడేపల్లిగూడెం నిట్‌లో మెకానికల్ వచ్చింది, హోమ్ స్టేట్ కిందే. యాప్ ఎరుపు పూసిన సీటది. బాబు సంతోషంగానే ఉన్నాడు. ఆ లిస్టునే నమ్మి లాక్ చేసి ఉంటే పైవరస అంతా రాని సూరత్కల్ బ్రాంచీలతో నిండి, తాడేపల్లిగూడెం అసలు లిస్టులోనే ఉండేది కాదు.

అసలు మన లాంటి వాళ్ళ పిల్లలకు రాష్ట్రం అనేది ఒక్క గడిలో పట్టదు. మా వాడినే చూడండి. జోసాకి వాడు ఆంధ్ర, ఎందుకంటే ఇంటర్ అక్కడ పాసయ్యాడు. కర్ణాటక ప్రవేశ పరీక్ష కేసీఈటీకి ఇక్కడ కనీసం ఏడేళ్ళు చదివి ఉండాలన్న నియమం ఉంది. పదో తరగతి దాకా ఇక్కడే చదివాడు కాబట్టి అక్కడ వాడికి దారి ఉంది. ఆంధ్ర ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్‌కి వెళ్తే స్థానికుడు అనిపించుకోవడానికి ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలని చూస్తారు. రెండేళ్ళే చదివాడు కాబట్టి నాన్-లోకల్ కింద లెక్క. ఒకే పిల్లాడు, మూడు కౌన్సెలింగ్‌లు, మూడు లెక్కలు. యాప్ అడగాల్సింది పిన్‌కోడ్ కాదు. ఒకటో తరగతి నుంచి ఏ ఏడాది ఎక్కడ చదివారు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారు, ఈ రెండు ప్రశ్నలు చాలు. ఇది నేను రాతపూర్వకంగా కూడా పంపాను. తర్వాత గడిని మళ్ళీ మార్చుకునేలా చేశారు. పక్కన వివరణ మాత్రం ఇప్పటికీ లేదు. తెలియని తల్లిదండ్రులు ఇంటి అడ్రసే ఎంచుకుంటారు.

ఇదంతా అయ్యాక నా పాత సమీక్ష మళ్ళీ చదివాను. అమ్మాయికి లెక్క సరిగ్గా రావడానికి కారణం ఆ పిల్ల ఉన్న రాష్ట్రం, చదివిన రాష్ట్రం ఒకటే కావడం. యాప్‌కి అక్కడ తప్పడానికి చోటే లేదు. ఎంతో మెచ్చుకున్న రౌండ్ల పట్టికకీ ఒక పరిమితి ఉంది. 2023లో జోసా ఆరు రౌండ్లు నడిపింది, 2024లో ఐదే. యాప్ మాత్రం ఆరో రౌండు అంకె మీదే శాతాలు కట్టి చూపించింది.

జనవరి సెషన్ పర్సంటైల్ కొడితే చూపించే ర్యాంకుని ఇంకా తక్కువ నమ్మాలి. జేఈఈ మెయిన్ పేపర్ 1 (ఇంజినీరింగ్ పేపర్) రాసినవాళ్ళు 2023లో 11 లక్షల పైన, 2024లో 14 లక్షల పైన. 98 పర్సంటైల్ అంటే పైన రెండు శాతం మంది ఉన్నట్టు. 11 లక్షల్లో రెండు శాతం 22 వేలు, 14 లక్షల్లో 28 వేలు. పర్సంటైల్ అదే, ర్యాంకులో ఆరు వేల తేడా. పాత సంవత్సరం లెక్కతో చూపిస్తే ఫిబ్రవరిలో అందరి మొహాలూ వెలుగుతాయి, ఏప్రిల్ సెషన్ అయ్యాక అసలు ర్యాంకు వచ్చేసరికి ఇంట్లో మాటలు ఉండవు.

ఇంకొకటి, డౌన్‌లోడ్ అయ్యే లిస్టు అవకాశం ఎక్కువ ఉన్న కాలేజీని పైన పెట్టి ఇస్తుంది. అలానే ఎక్కించకండి. మన లిస్టులో మన ర్యాంకుకి అందే వాటిలో అన్నిటికంటే పైదే జోసా ఇస్తుంది, దాని కిందివి ఇక చూడదు. రాదేమో అనుకున్న కాలేజీ పైన పెడితే పోయేదేమీ లేదు. సులువుగా వచ్చేదాన్ని పైన పెడితే మాత్రం దాని కింద ఉన్న ఇష్టమైన కాలేజీ అంతటితో పోతుంది. రిజర్వేషన్ ఉన్న పిల్లలు తమ కేటగిరీ ర్యాంకు కొడుతున్నారో, కామన్ ర్యాంకు కొడుతున్నారో కూడా చూసుకోవాలి, కేటగిరీ సీట్ల క్లోజింగ్ అంకెలు కేటగిరీ ర్యాంకుల్లోనే ఉంటాయి.

కొనాలా వద్దా అంటే, మీ పిల్లలు కర్ణాటకలోనే సెకండ్ పీయూ పాసైతే, ర్యాంకు చేతికొచ్చాక, రౌండ్ల పట్టిక కోసం ఒక్క నెలకి కట్టుకోండి. ఏడాది ప్లాన్ అక్కర్లేదు. పిల్లలు హాస్టల్లో ఉండి ఆంధ్రాలోనో తెలంగాణాలోనో ఇంటర్ చదివి ఉంటే నేనైతే డబ్బు పెట్టను, జోసా సైట్ ముందే కూర్చుంటాను. మాకు ఇద్దరు ముగ్గురు కూర్చుని లెక్క చూసే తీరిక ఉంది, అది లేనివాళ్ళకి నా సలహా సరిపోకపోవచ్చు. మా చిన్నవాడు ఇప్పుడు ఇక్కడే పీయూలో ఉన్నాడు. వాడి కోసం మళ్ళీ తీసుకున్నా తీసుకుంటాను, కాకపోతే శాతాల పేజీ తెరవను. నక్షత్రాలు ఐదు నుంచి రెండుకి దించాను. వివరణ పెట్టిన రోజు మూడు చేస్తాను.