డెల్టా కుండపోతకు ఐమెర్జ్ లెక్క ఎంతవరకు సరిపోతుంది?

అమలాపురం దగ్గర మా పెరట్లో, కొబ్బరిమట్టల నీళ్లు పడని చోట, వర్షమాపకం ఒకటి ఉంది. రోజూ ఉదయం 8.30కు అందులోని నీళ్లను కొలత గొట్టంలో పోసి మిల్లీమీటర్లు పుస్తకంలో రాయడం, పక్క వరుసలో నాసా ఉచితంగా అందించే ఐమెర్జ్ ఉపగ్రహ వర్షపాతాన్ని వేసుకోవడం కొన్నేళ్లుగా నా అలవాటు. సార్వా (ఖరీఫ్ వరి) మాసూళ్ల వేళ తుపాను వస్తే పనలు చేలోనే మొలకెత్తే నేల ఇది. అందుకే భారీ వర్షాన్ని ఈ సేవ ఎంత బాగా పట్టగలదన్నదే నాకు ముఖ్యం.

ఎగువ వాన విషయంలో దీనికి నిండు మార్కులు వేస్తాను. ఇంద్రావతి, శబరి పరివాహకాల్లో కురిసిన వానే మన లంకలను ముంచుతుంది. అక్కడ వాన ఎంత మేర పరుచుకుందో అరగంటకొకటి చొప్పున, సుమారు నాలుగు గంటల ఆలస్యంతో, ఇంట్లో కూర్చుని చూడగలగడం చిన్న మేలు కాదు.

మన ఊరి మీద విరుచుకుపడే కుండపోత సంగతి వేరు. ఒక్క రోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని అత్యంత భారీ వర్షంగా లెక్కిస్తుంది. ఐమెర్జ్ నేలను గడులుగా విడదీసి, ఒక్కో గడికి ఒకే లెక్క ఇస్తుంది. ఆ గడి ఒక్కో వైపు దాదాపు 11 కిలోమీటర్లు. వర్షమాపకం మూతి జానెడు. ఒక ఊళ్లో ఆకాశం చిల్లుపడి, పక్క ఊళ్లో జల్లుతో సరిపెట్టినప్పుడు గడి చూపేది ఆ రెండింటి సగటునే కాబట్టి, శిఖరం అణిగిపోతుంది. పైగా మేఘం లోపలి వానను పసిగట్టే మైక్రోవేవ్ పరికరమున్న ఉపగ్రహం ఒకటి దాటిపోయాక మరొకటి వచ్చేలోపు మేఘాల కదలికను బట్టి లెక్క కడతారు, ఎడం ఎక్కువైతే మేఘం పైభాగపు చల్లదనాన్ని ఆధారం చేసుకుంటారు. సముద్రం మీంచి వచ్చే పొట్టి మేఘం పైన అంత చల్లగా ఉండకుండానే గట్టిగా కురవగలదు. మూడున్నర నెలల తర్వాత వచ్చే తుది లెక్కను నేల మీది వర్షమాపకాలతో సవరిస్తారు గానీ, ఆ సవరణ నెలవారీ మొత్తాలతో జరుగుతుంది. నెల సరిపోయినంత మాత్రాన ఆ ఒక్క రోజు సరిపోవాలని లేదు.

పోల్చేవారు ఒక్కటి గమనించాలి. 2020 అక్టోబరు 13 ఉదయం తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఆ రోజు 8.30కు నేను రాసుకున్న నీళ్లలో తెల్లవారుజామున 5.30కు ముందు పడినదంతా ఉపగ్రహ లెక్కలో 12వ తేదీకి చేరుతుంది, ఎందుకంటే దాని రోజు గ్రీనిచ్ అర్ధరాత్రికి మొదలవుతుంది. తేదీకి తేదీ పోల్చి తప్పంతా ఉపగ్రహానిదే అనుకున్నాను. ఇప్పుడు అరగంట లెక్కలనే 8.30 నుంచి 8.30 దాకా కూడుతున్నాను. వాన వేళ, విస్తీర్ణం తెలుసుకోవడానికి ఐమెర్జ్ చూస్తాను. పంట నష్టం కాగితంలో మాత్రం మండల వర్షమాపకం అంకెనే రాస్తాను.