వార్సా, మాంట్రియల్: విమాన ప్రయాణికుడికి ఏ ఒప్పందం మేలు?

విదేశానికి టికెట్ కొన్నవాళ్లలో చాలామంది తమకు తెలియకుండానే ఒక అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తారు. ప్రమాదం జరిగినా, సూట్‌కేసు పోయినా, విమానం ఆలస్యమై నష్టం వచ్చినా ఎయిర్‌లైన్ ఎంతవరకు చెల్లించాలో, ఏ దేశపు కోర్టుకు వెళ్లవచ్చో చెప్పేది అదే. ఇవాళ్టికీ రెండు ఒప్పందాలు వాడుకలో ఉన్నాయి: 1929 నాటి వార్సా, 1999 నాటి మాంట్రియల్. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే మాంట్రియల్ మేలు, నాకు అందులో సందేహం లేదు. కానీ అది అందరికీ వర్తించదు, అన్ని నష్టాలనూ పూడ్చదు.

వార్సా నాటికి విమానయానం ఇంకా పసితనంలో ఉంది. ఒక్క ప్రమాదంతో కంపెనీ దివాలా తీయకూడదని ఒక్కో ప్రయాణికుడికి 1,25,000 బంగారు ఫ్రాంకుల పరిమితి పెట్టారు. అధికారిక బంగారం ధర లెక్కన తర్వాత అది దాదాపు 8,300 డాలర్లుగా స్థిరపడింది. 1955 నాటి హేగ్ ప్రోటోకాల్ దాన్ని రెట్టింపు చేసింది. అలాగని వార్సాను తీసిపారేయలేం. తప్పు ఎయిర్‌లైన్‌దేనని ముందుగా భావించి, కాదని రుజువు చేసుకునే బరువును వాళ్ల మీదే పెట్టింది. ఆ కాలానికి అది పెద్ద రక్షణ. చిక్కల్లా ఏమిటంటే, అవసరమైన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని రుజువు చేస్తే ఎయిర్‌లైన్ పైసా ఇవ్వకుండా బయటపడవచ్చు. పరిమితికి మించి అడగాలంటే సాధారణంగా ఎయిర్‌లైన్ ఉద్దేశపూర్వకంగా తప్పు చేసిందని బాధిత కుటుంబమే చూపించాలి. ఇంటిమనిషిని పోగొట్టుకున్నవాళ్లు కాక్‌పిట్‌లో ఏం జరిగిందో ఎక్కడి నుంచి తెస్తారు?

మాంట్రియల్ చేసిన అసలు మేలు ఇక్కడే ఉంది. ప్రయాణికుడి మరణం, గాయం విషయంలో 1,51,880 ఎస్‌డీఆర్ వరకు, ప్రయాణికుడి సొంత తప్పు ఉంటే తప్ప, ఎయిర్‌లైన్ తన తప్పు లేదని వాదించే వీలే లేదు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క. డాలరు, యూరో, యువాన్, యెన్, పౌండ్ విలువలు కలిపి కడతారు. ఆ మొత్తం దాటిన నష్టానికి పైపరిమితి లేదు. తమ నిర్లక్ష్యం లేదని, లేదా నష్టం పూర్తిగా వేరొకరి వల్లే జరిగిందని ఎయిర్‌లైన్ రుజువు చేస్తేనే ఆ పై మొత్తం నుంచి తప్పించుకోగలదు. అంకె పెరగడం కన్నా రుజువు భారం ఇలా మారడమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. అంకె కూడా ఒకేచోట నిలిచిపోదు. అయిదేళ్లకోసారి ద్రవ్యోల్బణం చూసి సమీక్షిస్తారు. 1,00,000తో మొదలైంది, 2024 డిసెంబర్ 28 నుంచి ఇప్పుడున్న మొత్తం అమల్లోకి వచ్చింది.

కోర్టు విషయంలోనూ తేడా ఉంది. వార్సా నాలుగు చోట్లే చూపింది. ప్రయాణికుడి సొంత దేశం వాటిలో లేకపోవచ్చు. మరణం, గాయం కేసుల్లో, ఆ దేశానికి ఎయిర్‌లైన్ సేవలు నడుపుతుంటే, బాధితుడి స్థిరనివాస దేశంలోనూ దావా వేయవచ్చని మాంట్రియల్ కొన్ని షరతులతో చేర్చింది.

లగేజీకి వార్సా కిలోల లెక్క కట్టింది, కిలోకు దాదాపు 17 ఎస్‌డీఆర్. ఇరవై కిలోల పెట్టె పోతే గరిష్ఠంగా 340. మాంట్రియల్‌లో బరువుతో పని లేదు, ఒక్కో ప్రయాణికుడికి 1,519 వరకు. ప్రయాణికుడి ప్రయాణమే ఆలస్యమైతే 6,303. ఇవి పైపరిమితులే, చేతికి తప్పకుండా వచ్చే మొత్తాలు కావు. నష్టాన్ని కాగితాలతో చూపాలి. పెట్టెలో అంతకు మించిన విలువ ఉంటే చెకిన్ అప్పుడే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టడం మంచిది.

మాంట్రియల్‌కూ లోపాలున్నాయి. రెండు ఒప్పందాలూ శారీరక గాయం గురించే మాట్లాడతాయి కాబట్టి చాలా కోర్టులు ఒట్టి మానసిక క్షోభకు పరిహారం ఇవ్వలేదు. 2022లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం మాత్రం, వైద్యం లేకుండా నయం కానంత తీవ్రమైన మానసిక గాయానికీ పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. మిగతా దేశాలూ ఆ దారి పట్టాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మరి ఏ ఒప్పందం కావాలో మనం ఎంచుకోగలమా? నేరుగా కాదు, టికెట్ మార్గమే నిర్ణయిస్తుంది. వన్‌వే అయితే బయలుదేరే దేశం, గమ్యం ఉన్న దేశం రెండూ మాంట్రియల్‌లో చేరి ఉండాలి. రిటర్న్ ఒకే టికెట్ మీద ఉంటే చట్టం దృష్టిలో గమ్యం బయలుదేరిన చోటే, కాబట్టి ఆ ఒక్క దేశం సభ్యదేశమైతే చాలు. అందుకే ఒకే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి రెండు వేర్వేరు చట్టాలు వర్తించవచ్చు. మాంట్రియల్‌లో చేరని దేశానికి వెళ్తుంటే, రెండు వన్‌వేల కన్నా ఒకే రిటర్న్ టికెట్ తీసుకోమనే చెబుతాను.

గడువుల్లో మాత్రం మాంట్రియల్ కూడా కఠినమే. పాడైన లగేజీకి అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. దావాకు రెండేళ్లు, గడువు దాటితే హక్కే పోతుంది.