వేడినీళ్ల బ్యాగు: పెట్టే ముందు పాదం పట్టి చూడండి

ధనుర్మాసం వచ్చిందంటే భీమవరం, అమలాపురం, కాకినాడ మందుల షాపుల్లో రెండు రకాల కాపడం బ్యాగులు అడుగుతారు. ఒకటి రెండు లీటర్ల పాతకాలపు రబ్బరు సంచి. రెండోది ప్లగ్గు పెడితే పది నిమిషాల్లో వేడెక్కే జెల్ బ్యాగు. నడుం నొప్పి సంగతి అలా ఉంచి, రాత్రిపూట అరికాళ్లు చల్లబడిపోతున్నాయని కొనేవాళ్ల కోసం ఈ సమీక్ష. కొనాలనుకుంటే రబ్బరుదే కొనండి. షుగరున్నవాళ్ల కాళ్లకు మాత్రం రెండూ వద్దు.

రబ్బరు బ్యాగు కొనేటప్పుడు రంగు కాదు, మెడ చూడాలి. మెడ దగ్గర వంచితే సన్నటి పగుళ్లు కనిపించినా, బిరడా లోపలి వాషరు గట్టిపడినా అది షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు. ఒక వైపు గీతలున్నది మేలు, ఆ వైపు చర్మానికి వేడి కాస్త నిదానంగా తగులుతుంది. ఇంటికి తెచ్చాక ముందు చన్నీళ్లు నింపి, తలకిందులు చేసి గట్టిగా నొక్కి చూడండి. చుక్క కారినా వెనక్కి ఇచ్చేయండి.

పేచీ అంతా నింపడంలోనే ఉంది. మరిగే నీళ్లు తిన్నగా పోయకూడదు. రెండు గ్లాసుల మరిగిన నీళ్లకు మూడు గ్లాసుల కుళాయి నీళ్లు కలిపితే దాదాపు 55 డిగ్రీలకు వస్తుంది, అది చాలు. సంచిలో మూడింట రెండు వంతులే పోసి, బల్ల మీద పడుకోబెట్టి, మెడ దాకా నీళ్లు కనిపించేలా గాలి నొక్కేసి అప్పుడు బిరడా బిగించాలి. గాలి మిగిలితే సంచి బూరెలా ఉబ్బుతుంది, పాదం కింద పెట్టగానే ఒత్తిడంతా అతుకుల మీద పడుతుంది. పైన ముతక తువ్వాలు చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టి తీసేయండి. దుప్పట్లో పెట్టుకుని నిద్రపోవద్దు. 44 డిగ్రీల వేడైనా గంటల తరబడి ఒకే చోట తగిలితే చర్మం కాలుతుంది.

మన ఇళ్లలో ఇంకో అలవాటుంది. కొబ్బరినూనె రాసుకున్న పాదాలను తిన్నగా బ్యాగు మీద పెట్టేస్తారు. నూనె తగిలితే రబ్బరు మెత్తబడి సాగిపోతుంది. నొప్పి బామ్ రాసి కాపడం పెడితే చర్మం బొబ్బలెక్కవచ్చు. వాడాక నీళ్లు వంపేసి, బిరడా తీసి, నీడలో తలకిందులుగా వేలాడదీయండి.

జెల్ బ్యాగుకు మార్కులు తక్కువ. చౌకరకం వాటిలో చాలావరకు లోపలి ద్రవంలోంచే కరెంటు పోతుంది. వేడెక్కగానే ఆగాల్సిన స్విచ్చి పనిచేయకపోతే ఆవిరి పట్టి అతుకు విడిపోతుంది. కాళ్ల కింద పెట్టుకుని ప్లగ్గు పెట్టడం ప్రాణాలతో చెలగాటం. ఉబ్బినా, తడి కనిపించినా పారేయండి. పైగా వేడి ఎంత ఉండాలో మన చేతిలో ఉండదు. దీనికంటే మూసిన గదిలో కొబ్బరిచిప్పల కుంపటి పెట్టుకోవడం ఇంకా ప్రమాదం, ఆ పొగలోని విషవాయువుకు వాసనుండదు.

ఇక అసలు సంగతి. చలి తగిలితే శరీరం గుండె, మెదడు దగ్గర 37 డిగ్రీలు నిలబెట్టుకోవడానికి వేళ్లలోని సన్న రక్తనాళాలను బిగిస్తుంది. దాళ్వా నాట్లకు బురదలో దిగినవాళ్లకు, రొయ్యల ప్యాకింగులో ఐసు పట్టేవాళ్లకు చేతులు చల్లబడటం అందుకే. వేడి తగలగానే మామూలైతే భయం లేదు. తడి తుడుచుకుని పొడి మేజోళ్లు వేసుకుంటే సరి.

ఎండాకాలంలోనూ చల్లగా ఉంటే రక్తపరీక్ష చేయించాలి. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 కన్నా, గర్భిణుల్లో 11 కన్నా తక్కువుంటే రక్తహీనత. నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం కూడా ఉంటే థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేస్తారు. బీపీకి, గుండెదడకి వాడే అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వల్లా వేళ్లు చల్లబడతాయి. అలాగని సొంతంగా మానేయకూడదు. వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలమై, తర్వాత ఎర్రబడుతుంటే అది చలికి వేళ్ల రక్తనాళాలు అతిగా బిగుసుకునే రేనాడ్స్ జబ్బు కావచ్చు.

షుగరున్నవాళ్లు "కాళ్లు చల్లగా ఉన్నాయి" అంటే ముందు మీ చేత్తో పట్టి చూడండి. మీ చేతికి వెచ్చగానే తగిలితే అది చలి కాదు, నరాలు దెబ్బతిన్న లక్షణం కావచ్చు. ఆ పాదానికి కాలినా తెలియదు. పొద్దున్నే బొబ్బ చూసి గానీ సంగతి బయటపడదు, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. వాళ్లకు బిగుతులేని నూలు మేజోళ్లే సరైన కొనుగోలు.

లంక పొగాకు చుట్టలు కాల్చేవాళ్లకు కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే రక్తనాళాలు సన్నబడ్డాయేమో చూపించాలి. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చే చిన్న పరీక్ష ఉంది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే అడ్డంకి ఉన్నట్టే. ఆ కాలికి కాపడం అసలు పెట్టకండి.

ఒక్క కాలే హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, నొప్పి పుట్టి మొద్దుబారితే రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. ఆరు గంటలు దాటితే కాలు దక్కడం కష్టమవుతుంది. తెల్లారాక చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయండి. డెంగీ జ్వరం మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య తగ్గినట్టే తగ్గి, చేతులూ కాళ్లూ చల్లగా, జిగటగా అయితే నయమైందని సంబరపడకూడదు. షాక్‌లోకి వెళుతున్న గుర్తు అది. అప్పుడు బ్యాగు వెతక్కుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.