కోడీలో తుపాకుల కంటే వాటి లెడ్జర్లే నాకు నచ్చాయి

ఎల్లోస్టోన్ గురించి అందరూ రాశారు, నేను రాసేది వయోమింగ్‌లో కోడీ అనే చిన్న ఊరి గురించి. పార్కు తూర్పు గేటు నుంచి 52 మైళ్లు. మనవాళ్లు చాలామంది అక్కడ గ్యాస్ కొట్టించుకుని వెళ్లిపోతారు, అలా చేయకండి. బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ద వెస్ట్‌లో ఆగండి, ఒకే టికెట్ మీద ఐదు మ్యూజియంలు, అది వరసగా రెండ్రోజులు చెల్లుతుంది.

మోటెల్ విషయంలో మాత్రం మోసపోయాం. ఆన్‌లైన్‌లో 189 డాలర్లని చూపించి కౌంటర్ దగ్గర ఏదో ఫీజని ఇంకో 22 కలిపారు, ఏసీ రాత్రంతా గుర్రుమంటూనే ఉంది, బ్రేక్‌ఫాస్ట్ అంటే కవర్లో పెట్టిన మఫిన్ ఒకటి. అడిగితే "పాలసీ" అనే మాట తప్ప ఇంకో జవాబు లేదు. మా ఆవిడ పొద్దున్న కారెక్కేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. జూలైలో రూమ్ బుక్ చేసేముందు మొత్తం ఎంతవుతుందో మెయిల్లో రాయించుకోండి.

ఇక ఆ ఐదింటిలో ఒకటైన తుపాకుల మ్యూజియం. 7,000కి పైనే ఉన్నాయి, పిల్లలు ఒక్కో అద్దం దగ్గరా అతుక్కుపోయారు. మామయ్యగారు మాత్రం కాసేపు తిరిగి బెంచీ మీద కూర్చుండిపోయారు, ఆయన సర్వీసంతా రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డ్ రూమ్‌లోనే గడిచింది, ఆయుధాలంటే ఆసక్తి లేదు. అందుకే ఆయన్ని అక్కడే ఉన్న మెక్‌క్రాకెన్ రీసెర్చ్ లైబ్రరీకి తీసుకెళ్లాను. ముందే మెయిల్ పెట్టి టైమ్ తీసుకున్నా కాబట్టి ఇబ్బంది లేదు, అక్కడావిడ ఎంత ఓపిగ్గా చెప్పిందో!

తుపాకులు చేసే వించెస్టర్ కంపెనీ సొంత తుపాకుల కలెక్షన్ 1975లో లోన్ మీద ఇక్కడికొచ్చింది, 1988లో దాని యజమాని ఓలిన్ కార్పొరేషన్ దాన్ని పూర్తిగా విరాళంగా ఇచ్చేసింది. ఫ్యాక్టరీ లెడ్జర్లు కూడా ఇక్కడే ఉన్నాయి. ఒక పేజీ కాపీ చూపించారు: సీరియల్ నంబరు, బ్యారెల్ గుండ్రమా ఎనిమిది పలకలా, ట్రిగ్గర్ ఏ రకం, గోడౌన్‌కి ఎప్పుడొచ్చింది, ఏ ఆర్డర్ మీద ఎప్పుడు బయటికెళ్లింది, అన్నీ చేత్తో రాసినవే. మామయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో కాలమూ చదివి "బాబూ, కొన్నవాడి పేరేదీ?" అన్నారు. ఆ కాలమే లేదు.

2014లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ పార్కులో ఒక జునిపర్ చెట్టుకి ఆనించి ఉన్న పాత వించెస్టర్ 1873 మోడల్ రైఫిల్ దొరికింది, మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క భాగం, మట్టిలో కూరుకుపోయి ఉంది. 1882లో తయారై ఆ ఏడాదే ఫ్యాక్టరీ దాటిందని ఈ రికార్డులే తేల్చాయి. కోడీలో హాస్పిటల్‌కి తీసుకెళ్లి ఎక్స్‌రే తీస్తే మడమ లోపల ఒక తూటా కనిపించింది. కానీ దాన్ని ఎవరు అక్కడ ఆనించి వెళ్లారో ఏ లెడ్జర్లోనూ లేదు. మామయ్యగారు దీని గురించి గేటు దాకా మాట్లాడుతూనే ఉన్నారు, మోటెల్ కోపం కూడా అప్పుడే తగ్గింది.

మీ దగ్గరో, తెలిసినవాళ్ల దగ్గరో పాత వించెస్టర్, మార్లిన్, ఎల్.సి. స్మిత్ కంపెనీల తుపాకీ ఉంటే సీరియల్ నంబరు పంపి ఫీజు కడితే, దాని గురించి ఈ రికార్డుల్లో ఉన్నది రాసి లెటర్ ఇస్తారు. అన్ని నంబర్లకీ రికార్డు లేదు, వించెస్టర్ 1894 మోడల్‌కైతే 353,999 దాకానే ఉంది, డబ్బు కట్టేముందు అది చూసుకోండి.