డాగ్ ప్రూఫ్ ట్రాప్ సమీక్ష: రకూన్లు పడతాయి సరే, టర్కీలు పెరుగుతాయా?

అమెరికాలోని జార్జియా రాష్ట్రం మధ్య భాగంలో ఇద్దరు స్నేహితులతో కలిసి కొన్న పైన్ అడవి ఉంది మాకు. అందులో అడవి టర్కీలు (కోడి జాతి పెద్ద పక్షులు) తిరుగుతాయి. వాటి గూళ్ల మీద పడి గుడ్లు తినేసే రకూన్లను (కళ్ల చుట్టూ నల్ల ముసుగు లాంటి మచ్చ ఉండే జంతువులు) తగ్గించడానికి డాగ్ ప్రూఫ్ ట్రాప్‌లు కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఆన్‌లైన్‌లో వీటి మీద కనిపించే రివ్యూలు చాలావరకు "రాత్రి పెట్టాను, పొద్దునకి పడింది, ఐదు స్టార్లు" బాపతు. ఏళ్లు వాడాక ట్రాప్ ఏ స్థితిలో ఉంటుంది, అసలు దాని వల్ల టర్కీకి ఏమైనా ఒరుగుతుందా అనేవి వాటిలో దొరకవు.

ముందు వస్తువు సంగతి. అరచేయంత పొడవున్న ఇనుప గొట్టం, పైన రకూన్ చెయ్యి దూరేంత రంధ్రం, లోపల అడుగున ట్రిగ్గర్, బయట గట్టి స్ప్రింగ్. అడుగున ఎర వేస్తాం. రకూన్ ముందు కాలిని మనం చెయ్యి వాడినట్టే వాడుతుంది. గొట్టంలోకి చెయ్యి పెట్టి, ఎరను వేళ్లతో పట్టుకుని పైకి లాగుతుంది. ట్రిగ్గర్ కదిలి లోపలి కడ్డీ మణికట్టు దగ్గర బిగుస్తుంది. కుక్క మూతి అందులో పట్టదు, పంజాతో పట్టుకుని లాగడం దానికి చేతకాదు. అందుకే ఆ పేరు. పిల్లుల విషయంలో మాత్రం అంత ధీమా వద్దు. ఇళ్లు దగ్గరగా ఉన్నచోట చేప వాసన ఎరలు మానేసి మార్ష్‌మాలోలు వేయండి. పిల్లి వాటి జోలికి రాదు, రకూన్‌కి తీపంటే ప్రాణం.

ట్రిగ్గర్‌లో రెండు రకాలు. లాగితేనే పడేది ఒకటి, లాగినా నొక్కినా పడేది ఇంకొకటి. మొదటి దానిలో దాదాపు రకూన్లే పడతాయి. రెండో దానిలో ఒపోసమ్‌లు (పొట్ట సంచిలో పిల్లల్ని మోసే జంతువులు), బెదిరితే కంపు ద్రవం చిమ్మే స్కంక్‌లు కూడా పడతాయి. గుడ్లు తినడంలో అవీ తక్కువేం కాదు కాబట్టి నా దగ్గర రెండూ ఉన్నాయి. కానీ పొద్దున్నే స్కంక్ పడ్డ ట్రాప్ దగ్గరికి వెళ్లడం ఎంత టెన్షనో ఒక్కసారి అనుభవిస్తే తెలుస్తుంది. ఆ చొక్కా మళ్లీ ఇంట్లోకి రానివ్వరు.

మన్నిక విషయానికొస్తే, స్ప్రింగ్‌లు ఇప్పటికీ కొత్తవాటిలాగే కొడుతున్నాయి. పాడయ్యేవి మిగతా భాగాలు. ట్రాప్‌ను నేలకి పట్టి ఉంచే గొలుసుకి మెలిక పడకుండా తిరిగే కీలు ఉంటుంది, దాన్నే స్వివెల్ అంటారు. జార్జియా ఎర్రమట్టి అందులో గడ్డకడుతుంది. అది తిరగకపోతే పడ్డ జంతువు గొలుసును పురి పెట్టేసి కాలు గాయం చేసుకుంటుంది. కాబట్టి సీజన్‌కి ముందు వేడినీళ్లలో వేసి ఒక్కోదాన్నీ తిప్పి చూస్తాను. చవగ్గా వచ్చిందని కొన్న ఒక సెట్‌లో స్వివెల్ దగ్గర వెల్డింగ్ విడిపోయి, రకూన్ ట్రాప్‌తో సహా వాగు దిగి వెళ్లిపోయింది. కంపెనీ పేరు అనవసరం. మీరు ఏది కొన్నా ఆ అతుకు ఒకసారి వేలితో తడిమి చూడండి. మామూలు ట్రాప్ పదిహేను, ఇరవై డాలర్లకు వస్తుంది. అంతకంటే బాగా చవగ్గా ఇస్తున్నారంటే అనుమానించండి.

ఎండలు మొదలయ్యాక అసలు శత్రువు ఫైర్ యాంట్స్. పిల్లి తిండి గింజలు వేస్తే రాత్రికి రాత్రే గొట్టం నిండా చీమలే. ఇక రకూన్ దాని ఛాయలకి రాదు. మార్ష్‌మాలోకి చీమలు కాస్త తక్కువ పడతాయి. చీమల పుట్టకి దూరంగా, మట్టి రోడ్డు వాగును దాటే చోట పాతితే బాగా పనిచేస్తుంది. రకూన్లు నీటి అంచు పట్టుకునే నడుస్తాయి. చుట్టూ చిన్న చెట్లు లేకుండా చూసుకోవాలి, లేదంటే గొలుసు చుట్టుకుపోతుంది.

బోనులు కూడా వాడాను. పిల్లి పడితే క్షేమంగా వదిలేయొచ్చు, అదొక్కటే వాటి మేలు. మోయలేని బరువు, ధర ఎక్కువ, పైగా లోపలున్న రకూన్ చేతులు బయటికి చాపి అందినంత మేర గడ్డీ మట్టీ లాగేసి బోనులో కుక్కుతుంది. ఇంటి చుట్టుపక్కలకైతే బోను, అడవిలోకైతే గొట్టం. నా మాట అదే.

ఇక మనవాళ్లు అడిగే ప్రశ్న. అట్లాంటా దగ్గరి కమింగ్ ఊరి నుంచి వీకెండ్‌కి వచ్చే స్నేహితులు ఎప్పుడూ అంటుంటారు, "పట్టుకున్నావ్ సరే, చంపడం ఎందుకు, ట్రక్కులో వేసుకుని పది మైళ్ల అవతల వదిలేయొచ్చుగా?" అని. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు, "దాని మొహం చూస్తే చంపబుద్ధవుతుందేంట్రా?" అంది. నాకూ అది సరదా పని కాదు. కానీ తూర్పు అమెరికాలో రేబిస్‌ను ఎక్కువగా మోసేది రకూనే. 1970లలో వేట కోసమని దక్షిణాది రకూన్లను వర్జీనియా, వెస్ట్ వర్జీనియా వైపు తీసుకెళ్లి వదిలారు. వాటితో పాటు రేబిస్ కూడా వెళ్లి అక్కణ్నుంచి ఉత్తరాది రాష్ట్రాలంతా పాకింది. పక్కవాడి పొలంలో వదలడం దయ కాదు. ఇక ట్రాప్ పెట్టడానికి జార్జియా రూల్స్ స్పష్టంగా ఉన్నాయి. ట్రాపింగ్ లైసెన్స్ ఉండాలి, ట్రాప్ మీద యజమాని వివరం ఉండాలి, 24 గంటలకు ఒకసారైనా వెళ్లి చూడాలి, దగ్గర .22 (చిన్న తూటా) తుపాకీ, పెంపుడు జంతువు పడితే విడిపించే కర్ర ఉండాలి. రోజూ వెళ్లి చూడలేనివాళ్లు ఈ ట్రాప్ కొనకండి. ఫోన్‌కి ఫోటోలు పంపే సెల్ కెమెరా పెట్టుకున్నా నేను వెళ్తాను. రకూన్ పెంటలో మనుషులకు ప్రమాదమైన ఏలికపాము గుడ్లు ఉంటాయి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ఇప్పుడు టర్కీ. 1973లో జార్జియాలో వీటి సంఖ్య సుమారు 17 వేలు. వలలతో పట్టి కొత్త చోట్ల వదులుతూ మూడు లక్షలు దాటించారు. తర్వాత అమెరికా దక్షిణాది అంతటా టర్కీ పిల్లలు తగ్గుతూ వచ్చాయి. 2022లో రాష్ట్రం వేట సీజన్‌ను ఆలస్యంగా మొదలుపెట్టి, ఒక్కొక్కరికి మూడు పుంజుల పరిమితిని రెండుకి తగ్గించింది. రకూన్ల వైపు చూస్తే, 1970ల చివర్లో వాటి తోలుకి మంచి ధర ఉండేది, ఊరూరా ట్రాపర్లు ఉండేవారు. ఆ మార్కెట్ పడిపోయాక పట్టేవాడు లేడు.

పెట్ట నేల మీదే, ఏ బ్లాక్‌బెర్రీ పొద మొదట్లోనో పది పన్నెండు గుడ్లు పెడుతుంది. దాదాపు 28 రోజులు పొదుగుతుంది. పిల్లలు చెట్టెక్కేంత ఎగరడానికి ఇంకో రెండు వారాలు. అన్ని రాత్రులు నేల మీద గడవాలి. ఒక ఏప్రిల్‌లో మా కంచె దగ్గర అలాంటి గూడు చూశాను. లేత గోధుమరంగు మచ్చల పెంకులు ఆకుల మీద చిందరవందరగా, పొడిగా, లోపల నాకినట్టు శుభ్రంగా ఉన్నాయి. దోషి రకూన్ అనే అనుకున్నాను, కానీ పెంకు చూసి దోషిని తేల్చడం నిపుణులకే కష్టం. పాము వచ్చి ఉంటే పెంకు కూడా మిగిలేది కాదు, గుడ్డు గుడ్డంతా మింగేస్తుంది. విషం లేని పామును చంపడం జార్జియాలో నేరం. గద్దలు, గుడ్లగూబల్ని ముట్టుకోకూడదు. అంటే మన ట్రాప్ అందుకునేది శత్రువుల జాబితాలో సగాన్నే.

అయినా తేడా కనిపించిందా అంటే, కొంత కనిపించింది. ఫిబ్రవరి, మార్చిలో గట్టిగా పట్టిన ఏడు వేసవిలో కెమెరాల ముందు పిల్లలతో తిరిగే పెట్టలు ఎక్కువ కనిపించాయి. కానీ అదే ఏడు ముందు చలికాలంలో నేల తగలబెట్టించి చిక్కటి పొదలు తగ్గించాం, స్నేహితుడి జింకల మొక్కజొన్న ఫీడర్ కూడా తీసేయించాం. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఫీడర్ ఉంచుకుని ట్రాపింగ్ చేయడం మాత్రం శుద్ధ దండగ. చుట్టుపక్కల రకూన్లన్నిటికీ మనమే భోజనం పెట్టి పిలుస్తున్నట్టు.

శరదృతువులో పట్టినవాటి వల్ల ఉపయోగం లేదు. గూళ్ల కాలం వచ్చేసరికి పక్క భూముల నుంచి కొత్తవి దిగిపోతాయి. మగ రకూన్ ఒక్కటే వందల ఎకరాలు తిరుగుతుంది. మరీ ఆలస్యం చేస్తే ఏప్రిల్‌లో తల్లి పడి, తొర్రలో పిల్లలు ఆకలితో చస్తాయి. అందుకే మార్చి చివరికల్లా పెద్ద పని ముగించుకుంటాను. జార్జియా యూనివర్సిటీలో టర్కీ పెట్టలకు జీపీఎస్ కట్టి పరిశోధన చేస్తున్న ప్రొఫెసర్ మైఖేల్ చేంబర్లిన్ లాంటివాళ్లు చెప్పేదీ ఇదే దారిలో ఉంటుంది. ముందు గూడుకీ పిల్లలకీ పనికొచ్చే నేల, ఆ తర్వాతే ట్రాప్. సౌత్ డకోటా రాష్ట్రం 2019లో రకూన్, స్కంక్ లాంటి వాటిని పట్టి తెచ్చిన తోకకి పది డాలర్లివ్వడం మొదలుపెట్టింది. అక్కడ అది ముఖ్యంగా ఫెజెంట్‌లనే వేట పక్షుల కోసం. తోకలు లెక్కపెట్టడం తేలిక, పిల్లలు లెక్కపెట్టడం కష్టం.

వస్తువుగా ఈ ట్రాప్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. టర్కీల కోసం పెట్టే ఖర్చుగా చూస్తే మూడు. వంద ఎకరాల లోపు భూమి ఉండి, పక్కవాళ్లెవరూ కలిసి రాకపోతే రెండు. మా పక్క భూమి పెద్దాయన పోయినేడాది నుంచి తన వైపు కూడా ట్రాప్‌లు పెడుతున్నాడు, ఈ వేసవి ఎలా ఉంటుందో చూడాలి. కొనేట్టయితే మాత్రం డిసెంబర్‌లోనే కొనండి. కొత్త ట్రాప్‌లకి ఫ్యాక్టరీ నూనె వాసన ఉంటుంది. సబ్బునీళ్లలో మరగబెట్టి, పెరట్లో కొన్ని వారాలు వానకీ ఎండకీ వదిలేస్తే ఫిబ్రవరికి సిద్ధమవుతాయి.